పంటి డాక్టరు నిమ్మ బిళ్లలు

పోయిన నెల ఇదే శీర్షికలో చిగుళ్ల గురించి రాస్తూ, మాటవరసకి "శనివారం సాయంత్రం నేనూ రెండు నిమ్మ బిళ్లలు చప్పరిస్తాను" అన్నాను. చిగుళ్ల సంగతి ఒక్కరూ పట్టించుకోలేదు. బిళ్లల మీద మాత్రం ఉత్తరాలే ఉత్తరాలు! కొందరు మందలించారు, కొందరు తమ రహస్యాలు చెప్పుకున్నారు. ఒకాయన ఏ రంగు బిళ్ల అని అడిగారు (పసుపు). అందుకని ఈసారి పేజీ మొత్తం ఆ ఉత్తరాలకే.

ప్రశ్న: నాకు 46 ఏళ్లు. తీపి దాదాపు మానేశాను, టీలో కూడా చక్కెర వేసుకోను. కానీ కాఫీ రుచి ఉండే టాఫీలంటే చిన్నప్పటి నుంచీ ప్రాణం. నెలకో, రెండు నెలలకో ఒక చిన్న పొట్లం కొనుక్కుంటాను. బీరువాలో బట్టల కింద దాచి, ఇంట్లో ఎవరూ లేనప్పుడు వంటగదిలో నిలబడి గబగబా తినేస్తాను. మొన్న మా అమ్మాయి ఆ కాగితాలు చూసి "అమ్మా, నువ్వేనా!" అని నవ్వింది. తను సరదాకే అంది, నాకు మాత్రం ఏడుపొచ్చింది. ఈ వయసులో ఇదేం బలహీనత? పూర్తిగా మానేయాలా? అసలు 'ఎప్పుడో ఒకసారి' అంటే ఎన్నాళ్లకు ఒకసారి? 
– పేరు వద్దన్న పాఠకురాలు

జవాబు: అమ్మా, ముందు ఒకటి చెప్పండి. పోయినసారి తిన్న టాఫీ రుచి మీకు గుర్తుందా? ఉండదనే నా అనుమానం. చెవులు గుమ్మం వైపు పెట్టి, ఒకటి మింగకముందే ఇంకోటి విప్పితే నాలుకకి ఏం తెలుస్తుంది? చక్కెర కడుపులోకి వెళ్లింది, రుచి మీకు దక్కలేదు. మీ ఉత్తరంలో నాకు కనబడిన నష్టం ఇదొక్కటే.

లెక్క చెప్తే గానీ మీ మనసు కుదుటపడేలా లేదు కాబట్టి చెప్తాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఒక సూచన ఇచ్చింది. పైనుంచి కలుపుకునే చక్కెర, తేనె, పండ్లరసంలో ఉండే చక్కెర అన్నీ కలిపి, రోజంతా తిన్నదాంట్లో వచ్చే శక్తిలో 10 శాతం దాటకూడదు. రోజుకి 2000 కేలరీలు తినే మనిషికి అది 50 గ్రాములు, అంటే సుమారు 12 చెంచాలు. అందులో సగానికి, 25 గ్రాములకి తగ్గించుకోగలిగితే ఇంకా మేలంది. మీ టాఫీ ఒక్కోటి ఐదారు గ్రాములుంటుందేమో. అంతా చక్కెరే అనుకున్నా చెంచాన్నర. 330 మిల్లీలీటర్ల కోలా డబ్బా ఒక్కదాంట్లోనే 35 గ్రాముల దాకా చక్కెర ఉంటుంది. ఆ డబ్బా రోజూ తాగుతూ "నేను తీపి ముట్టనండీ" అని నా కుర్చీలో కూర్చునేవాళ్లని వారానికి ఇద్దర్నయినా చూస్తాను. వాళ్లకి రాని ఏడుపు మీకెందుకు?

ఇక నా వృత్తి సంగతి. పంటికి తూకం తెలీదు, లెక్క తెలుసు. ఎంత తిన్నామన్నదాని కన్నా ఎన్నిసార్లు తిన్నామన్నదే దానికి ముఖ్యం. చక్కెర నోట్లో పడగానే, పళ్లని పట్టుకుని ఉండే పాచిలోని బ్యాక్టీరియా దాన్ని తిని ఆమ్లాన్ని వదులుతుంది. మామూలుగా 7 దగ్గర ఉండే పీహెచ్ (ఆమ్లాన్ని కొలిచే అంకె, అది తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువైనట్టు) కొద్ది నిమిషాల్లోనే 5.5 కన్నా కిందికి జారుతుంది. అక్కడి నుంచి పంటి పైన గట్టి పొరలా ఉండే ఎనామిల్‌లోని ఖనిజం కరగడం మొదలవుతుంది. లాలాజలం ఆ ఆమ్లాన్ని విరిచి, నోటిని మళ్లీ మామూలు స్థితికి తేవడానికి అరగంట నుంచి గంట పడుతుంది. అమెరికా దంతవైద్యుడు రాబర్ట్ స్టీఫన్ 1940ల్లోనే దీన్ని గీత గీసి చూపించాడు. గభాలున దిగి, మెల్లగా పైకెక్కే ఆ లోయ మా పాఠ్యపుస్తకాల్లో ఇప్పటికీ ఉంది. మీరు నాలుగు టాఫీలు ఒక్కసారే తింటే ఒక్కటే లోయ. "ఒకేసారి వద్దులే" అని గంటకొకటి తింటే నాలుగు లోయలు. మొదటిదాంట్లోంచి పన్ను పూర్తిగా బయటపడకముందే రెండోది వచ్చి పడుతుంది. పొదుపుగా తింటున్నామనుకునేవాళ్ల పళ్లే ఎక్కువ పుచ్చిపోవడం నేను చూశాను. బుగ్గన ఒక బిళ్ల పెట్టుకుని సాయంత్రం దాకా నడిపేవాళ్లు ఉంటారు. వాళ్లకి ఎటువైపు బుగ్గన పెట్టుకుంటారో నేను నోరు తెరవమని చూసి చెప్పేయగలను.

నాలుక సంగతీ అలాంటిదే. జోర్డి కోయిడ్‌బాక్, ఎలిజబెత్ డన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2013లో చాక్లెట్ మీద ఒక ప్రయోగం ప్రచురించారు. అందరికీ ముందు ఒక చాక్లెట్ ముక్క పెట్టారు. తర్వాత వారం రోజులు కొందర్ని చాక్లెట్ ముట్టొద్దన్నారు. కొందరికి పెద్ద సంచెడు ఇచ్చి కావలసినంత తినమన్నారు. మిగిలినవాళ్లకి ఏమీ చెప్పలేదు. వారం తర్వాత మళ్లీ తలో ముక్క పెడితే, నోరు కట్టుకున్నవాళ్లే దాన్ని అందరికన్నా ఎక్కువగా ఆస్వాదించారు. సంచి ఇంటికి తీసుకెళ్లినవాళ్లకి పోయినసారి ఉన్నంత సంబరం లేదు. కాబట్టి మీ నెల రోజుల ఎడం బలహీనత కానే కాదు. ఆ టాఫీకి రుచి వచ్చేదే ఆ ఎడం వల్ల. దాన్ని వంటగదిలో రెండు నిమిషాల్లో పారేసుకుంటున్నారు, అంతే.

నేనెలా తింటానో చెప్తాను. శనివారం ఆఖరి పేషెంటు వెళ్లిపోయాక, గ్లవ్స్ తీసి, చేతులు కడుక్కుని, లైటు ఆర్పి, పేషెంటు కుర్చీలోనే వెనక్కి వాలి కూర్చుంటాను. వారం మొత్తంలో నేను ఆ కుర్చీలో పడుకునేది అప్పుడే. బిళ్ల కాగితం రెండు చివరలా మెలితిప్పి ఉంటుంది కదా, రెండు చివరలూ పట్టుకుని లాగితే లోపల బిళ్ల గిర్రున తిరుగుతుంది. ఆ చప్పుడుకే నోరూరుతుంది. గాలికి తేమ పట్టిన బిళ్లయితే కాగితం అంటుకుపోయి ఊడి రాదు. చక్కెర పాకాన్ని 150 డిగ్రీల దాకా కాచి, నీరంతా ఇగిరిపోయాక చల్లారిస్తే అది స్ఫటికంగా కాకుండా గాజులా గట్టిపడుతుంది. ఆ గాజుకి తేమంటే మహా ఆశ, ఎక్కడ దొరికినా పీల్చుకుని జిగురైపోతుంది. నోట్లో వేసుకోగానే మొదట పైనున్న చక్కెర పలుకులు నాలుకని గీరతాయి. తర్వాత పులుపు వచ్చి రెండు చెవుల కిందా దవడ దగ్గర జివ్వుమంటుంది. ఆ తర్వాత చాలాసేపు ఏమీ ఉండదు, మెల్లగా అరగడమే. చివరికి చేప పొలుసంత పల్చగా అయ్యి, అంచు నాలుకకి గుచ్చుకుంటుంది. కొరికేయాలని పళ్లు తహతహలాడతాయి. కొరకను. గట్టి బిళ్ల కొరికి పన్ను చీల్చుకున్నవాళ్లకి ఎన్ని క్యాపులు వేశానో! గోడ గడియారం ప్రకారం ఒక బిళ్లకి పది పదకొండు నిమిషాలు. రెండోది కూడా అయిపోయాక నీళ్లు పుక్కిలించి తాళం వేసి ఇంటికెళ్తాను.

'ఎప్పుడో ఒకసారి' అంటే ఎన్నాళ్లు అన్నారు. మీకు నెల సరిపోతోంది, నాకు వారం కావాలి. ఒక్కటే చూసుకోండి: ఆ రోజు కోసం మీరు ఎదురుచూస్తున్నారా, లేక చెయ్యి దానంతటదే బీరువాలోకి వెళ్తోందా? ఎదురుచూస్తున్నంతకాలం బెంగ లేదు. దాచుకునే పొట్లాలు పెరుగుతున్నా, కడుపు నొప్పెట్టేదాకా తిని బాధపడుతున్నా, అప్పుడు అది టాఫీ సమస్య కాదు. మానసిక వైద్యుల్ని ఒకసారి కలవాలి. మీ ఉత్తరంలో నాకు ఆ ఛాయలేమీ కనబడలేదు.

ఈసారి పొట్లం తెచ్చినప్పుడు బీరువా తెరవకండి. బల్ల మీద పెట్టి, కూర్చుని, మొదటిది విప్పండి. అమ్మాయి నవ్వితే ఒకటి తనకీ ఇవ్వండి.

ప్రశ్న: మా అబ్బాయికి ఆరేళ్లు. ఇంట్లోకి చాక్లెట్లు, బిళ్లలు రావడానికి వీల్లేదని చెప్పేశాను. కానీ మా అత్తయ్యగారు రోజూ వాడికి నాకు తెలీకుండా ఒకటి పెడుతున్నారు. అడిగితే "ఒక్కటే కదమ్మా" అంటారు. అది తిన్న రోజు వాడు ఇల్లు పీకి పందిరేస్తాడు. ఆవిడకి నొప్పి తగలకుండా ఎలా చెప్పాలి? 
– ఒక తల్లి

జవాబు: కోపం తెచ్చుకోనంటే చెప్తాను. మీ నిషేధమూ పని చెయ్యదు, ఆవిడ రోజుకొకటీ మంచిది కాదు. ఇందాకటి లోయల లెక్క ప్రకారం చూస్తే 'రోజుకి ఒక్కటే' కన్నా 'వారానికి ఐదు, ఒకేసారి' అన్నదే పంటికి నయం.

ఇది ఎలా తెలిసిందన్నది సంతోషంగా చెప్పుకునే కథ కాదు. స్వీడన్‌లో లుండ్ ఊరి దగ్గర విపెహోల్మ్ అనే సంస్థలో బుద్ధిమాంద్యం ఉన్నవాళ్లని ఉంచేవాళ్లు. 1940ల్లో అక్కడ, వాళ్ల అనుమతి లేకుండానే, కొందరికి రోజూ పళ్లకి బాగా అంటుకునేలా తయారుచేయించిన టాఫీలు పెట్టారు. చాలామంది పళ్లు పాడైపోయాయి. ఈ రోజుల్లో ఏ వైద్యుడూ అలాంటి పని చెయ్యలేడు, చెయ్యకూడదు. 1954లో వచ్చిన ఆ ఫలితాలు ఏం తేల్చాయంటే, భోజనంతో పాటు తిన్న చక్కెర కన్నా, భోజనానికీ భోజనానికీ మధ్యలో, అంటుకునే రూపంలో, మాటిమాటికీ తిన్న చక్కెరే పళ్లని ఎక్కువ పుచ్చిపోయేలా చేసింది. ఆ తర్వాత అక్కడి ఆరోగ్య అధికారులు పిల్లలకి వారంలో ఒక్కరోజే తీపి పెట్టండని చెప్పడం మొదలుపెట్టారు. శనివారం తీపి అనే అలవాటు ఆ దేశంలో ఇంకా నడుస్తూనే ఉంది. నా శనివారం కూడా అక్కడ అరువు తెచ్చుకున్నదే.

పూర్తిగా నిషేధిస్తే ఏమవుతుందో కూడా చూశారు. జెనిఫర్ ఫిషర్, లియాన్ బర్చ్ అనే పరిశోధకులు 1999లో ప్రచురించిన ప్రయోగంలో, చిన్నపిల్లల ముందు ఒక రకం తినుబండారాన్ని కనబడేలా పెట్టి, ముట్టుకోనివ్వలేదు. పిల్లల ధ్యాసంతా దాని మీదే. అది కావాలని అడగడం, దాని గురించే మాట్లాడుకోవడం. మీవాడికీ ఇప్పుడు నానమ్మ దగ్గర దొరికే బిళ్లకి ఉన్న విలువ ఇంట్లో ఇంకే వస్తువుకీ ఉండి ఉండదు.

ఇక ఇల్లు పీకి పందిరెయ్యడం. ఇది మీకు మింగుడుపడదని తెలుసు, నాకూ పడలేదు. చక్కెర తింటే పిల్లలు అల్లరి చేస్తారా అని జరిగిన 23 ప్రయోగాలను కలిపి 1995లో పరిశీలిస్తే, ప్రవర్తనలో తేడా ఏమీ తేలలేదు. దానికి ముందు ఏడాది ఇంకా గమ్మత్తైన ప్రయోగం జరిగింది. ఐదు నుంచి ఏడేళ్ల మగపిల్లలందరికీ చక్కెర లేని పానీయమే తాగించి, సగం మంది తల్లులతో మాత్రం "మీవాడికి చక్కెర ఇచ్చాం" అన్నారు. ఆ తల్లులకి తమ పిల్లలు మరీ అల్లరి చేస్తున్నట్టు కనబడింది. వాళ్లు పిల్లల పక్కనే ఉండి ఎక్కువ మందలించారు కూడా. మీవాడు బిళ్ల తిన్నాడని తెలిసిన రోజునే మీరు లెక్కపెడుతున్నారేమో చూసుకోండి.

అత్తయ్యగారికి ఏం చెప్పాలంటే, వద్దని మాత్రం చెప్పకండి. "అత్తయ్యా, శనివారం వాడికి బిళ్లలు పెట్టే పని మీదే. డబ్బా మీ దగ్గరే ఉంచండి. మిగతా ఆరు రోజులు అడిగితే మీరే కాదనాలి" అనండి. ఆవిడకి కావలసింది వాడి ముఖంలో వెలుగు చూడడం. అది ఆవిడ చేతుల మీదుగానే జరగనివ్వండి. భోజనం అవ్వగానే పెడితే ఇంకా మంచిది. అప్పుడు లాలాజలం బాగా ఊరి ఉంటుంది. ఇంట్లో ఇంకా నాలుగేళ్లలోపు పిల్లలెవరైనా ఉంటే వాళ్లకి గట్టి బిళ్లలు అస్సలు ఇవ్వకండి. గొంతులో అడ్డం పడి ఊపిరాడకపోవడానికి అంతకన్నా సరైన ఆకారం లేదు. ఆరేళ్లవాడైనా కూర్చునే తినాలి, పరుగెడుతూ కాదు.

ప్రశ్న: పుల్లటి బిళ్ల తిన్న వెంటనే బ్రష్ చేసుకుంటే దోషం పోతుందా? 
– ఒక విద్యార్థిని

జవాబు: పోదు, పెరుగుతుంది. ఆమ్లం తగిలి ఎనామిల్ పైపొర మెత్తబడి ఉన్నప్పుడు రుద్దితే అది అరుగుతుంది. నీళ్లు పుక్కిలించి, కనీసం అరగంట ఆగి బ్రష్ చెయ్యమ్మా.

ప్రశ్న: మావారికి 61 ఏళ్లు. పదేళ్లుగా షుగర్ ఉంది, ఇన్సులిన్ తీసుకుంటున్నారు. బట్టలు ఉతకడానికి తీస్తే చొక్కా జేబులో ఎప్పుడూ నాలుగైదు తీపి బిళ్లలు. నిలదీస్తే "డాక్టరే పెట్టుకోమన్నారు" అంటారు. ఏ డాక్టరైనా అలా చెప్తారా? నా దగ్గర అబద్ధమాడుతున్నారని బాధగా ఉంది. 
– ఒక గృహిణి

జవాబు: చెప్తారమ్మా. మీవారి మాట నమ్మండి అని పాఠకురాళ్లకి సలహా ఇవ్వడం నాకు అలవాటు లేదు గానీ, ఈసారికి ఇవ్వక తప్పదు.

ఇన్సులిన్ తీసుకునేవాళ్లకి భోజనం ఆలస్యమైనా, ఎక్కువ నడిచినా రక్తంలో చక్కెర ఒక్కసారిగా పడిపోవచ్చు. 70 కన్నా కిందికి వస్తే చెమటలు, వణుకు, గుండెదడ, కంగారు మొదలవుతాయి. ఇంకా పడితే మాట తడబడుతుంది, స్పృహ తప్పుతుంది. అప్పుడు వెంటనే 15 గ్రాముల చక్కెర లోపలికి వెళ్లాలి. బిళ్ల బరువుని బట్టి మూడో నాలుగో అవుతాయి. నేను కొరకొద్దని ఇందాక అంత చెప్పాను కదా, ఇక్కడ మాత్రం నమిలి మింగాలి, చప్పరిస్తూ కూర్చోకూడదు. 15 నిమిషాలాగి మళ్లీ పరీక్ష చేసుకోవాలి. ఇంకా తక్కువుంటే ఇంకో 15 గ్రాములు. తేరుకున్నాక ఏదైనా తినాలి. ఈ పనికి చాక్లెట్ పనికిరాదు. దాంట్లోని కొవ్వు వల్ల చక్కెర రక్తంలోకి చేరడం ఆలస్యమవుతుంది. మనిషి స్పృహలో లేకపోతే మాత్రం నోట్లో ఏమీ పెట్టకండి, ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఇదంతా ఆయనకి తెలిసే ఉంటుంది. మీకు తెలియడమే ఎక్కువ అవసరం.

ఒక్కటి మాత్రం చూస్తూ ఉండండి. జేబులో అవే బిళ్లలు నలిగి, కాగితానికి అంటుకుపోయి వారాల తరబడి ఉంటే అవి మందు. రోజుకో కొత్త సరుకు కనబడుతుంటే, ఆయనకి చక్కెర మాటిమాటికీ పడిపోతోందని అర్థం, లేకపోతే మందు పేరు చెప్పి ముచ్చట తీర్చుకుంటున్నారని అర్థం. రెండింట్లో ఏదైనా డాక్టరుకి తెలియాలి. ముచ్చటే అయితే గొడవ పడకండి. షుగర్ ఉన్నవాళ్లు తీపి పేరే ఎత్తకూడదన్న రోజులు పోయాయి. భోజనంలో తినే పిండిపదార్థంలో అంతమేరకు తగ్గించుకుని, ఎప్పుడైనా ఒకటి ఎలా తినాలో వాళ్ల డాక్టరే చెప్తారు.

ప్రశ్న: షుగర్ ఫ్రీ బిళ్లలైతే ఎన్ని తిన్నా ఫర్వాలేదు కదా? 
– ఒక ఉద్యోగి

జవాబు: నేనూ అలాగే అనుకున్నాను. ఒకసారి రాత్రి బస్సులో నిద్ర పట్టక, కొత్తగా కొన్న షుగర్ ఫ్రీ బిళ్లల డబ్బా తెరిచి, పళ్లకి భయం లేదు కదా అని ఒకటి తర్వాత ఒకటి సగం డబ్బా ఖాళీ చేశాను. తర్వాత ఆ బస్సుని రెండుసార్లు ఆపించాల్సి వచ్చింది. డ్రైవరు రెండోసారి నా వైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది.

వాటిలో తీపి కోసం వేసే సార్బిటాల్, మాల్టిటాల్ లాంటివి పంటి బ్యాక్టీరియాకి సరిగ్గా కొరుకుడుపడవు, ఆ మేరకు మంచివే. కానీ పేగుల్లో కూడా అవి పూర్తిగా ఇంకవు. పెద్దపేగు దాకా వెళ్లి నీటిని లాగుతాయి, గ్యాస్ పుట్టిస్తాయి. అతిగా తింటే విరేచనాలవుతాయని చాలా డబ్బాల మీద రాసే ఉంటుంది. నేను మర్నాడు చదివాను. పుల్లటి రకాలైతే చక్కెర లేకపోయినా సిట్రిక్ ఆమ్లం ఉంటుంది, ఎనామిల్‌కి అది చాలు. ఇంట్లో కుక్క ఉంటే జైలిటాల్ అనే తీపి పదార్థం ఉన్నవి దానికి అందకుండా దాచండి. మనం తినే జైలిటాల్ కుక్కలకి విషం.

అసలు సంగతి వేరే ఉంది. నేనా రాత్రి అన్ని తిన్నది రుచికి కాదు, 'దీనికి లెక్క లేదు' అన్న ధీమాతో.

ప్రశ్న: పరీక్షలకి చదివేటప్పుడు టెన్షన్‌లో చాక్లెట్ బిళ్లల డబ్బా పక్కన పెట్టుకుంటాను. ఒకటి తిందామని మొదలుపెడితే డబ్బా అడుగు కనబడుతుంది. ఒక్కటితో ఆపడం ఎలా? 
– డిగ్రీ విద్యార్థి

జవాబు: పక్కన పెట్టుకున్నాక ఆపడం కష్టం నాయనా. ముందే చేయాలి, ఆ పని. అమెరికాలో వాల్టర్ మిషెల్ అనే ఆయన 1970 ప్రాంతంలో చిన్నపిల్లల ముందు తీపి పెట్టి, "నేనొచ్చేదాకా తినకపోతే రెండు ఇస్తాను" అని వెళ్లిపోయేవాడు. ఎక్కువసేపు ఆగిన పిల్లలకి ఉక్కులాంటి మనసేమీ లేదు. కళ్లు మూసుకోవడం, పాటలు పాడుకోవడం, అటు తిరిగి కూర్చోవడం లాంటి ఉపాయాలు చేశారంతే. తీపి కంటికి కనబడకుండా మూసిపెడితే పిల్లలు ఇంకాసేపు ఆగగలిగారు. కాబట్టి డబ్బా వేరే గదిలో, ఎత్తైన అరలో. తినాలనుకున్న మూడో నాలుగో ఒక గిన్నెలో వేసుకుని, పుస్తకం మూసేసి తిను. చదువుతూ తింటే నీకు చదువూ తెలీదు, రుచీ తెలీదు.

నమ్మబుద్ధి కాని చిట్కా ఇంకొకటి. 2010లో కేరీ మోర్‌వెడ్జ్, ఆయన తోటివాళ్లు కొందర్ని 30 చాక్లెట్ బిళ్లలు ఒక్కొక్కటిగా తింటున్నట్టు ఊహించుకోమన్నారు. తర్వాత నిజం బిళ్లలు ముందు పెడితే, మూడే ఊహించుకున్నవాళ్ల కన్నా వాళ్లు తక్కువ తిన్నారు. నేను నిమ్మ బిళ్లలతో ప్రయత్నించాను. పద్నాలుగో బిళ్ల దగ్గర నిద్ర పట్టేసింది. అదీ లాభమే కదా.

ప్రశ్న: నేను రిటైరైన టీచరుని. తీపి తినొద్దని నా మనవరాలికి చెప్పి చెప్పి అలసిపోయాను. మొన్న మీ వాక్యం చూపించి "పళ్ల డాక్టరమ్మే తింటోందట తాతయ్యా" అని నా నోరు మూయించింది. పళ్లు కాపాడాల్సిన మీరే ఇలా రాయడం సబబేనా? 
– ఒక తాతయ్య

జవాబు: మాస్టారూ, క్షమించండి. మీ మనవరాలికి వినిపించడానికి ఇంకో కథ ఇస్తాను, ఇది మీవైపు పని చేస్తుంది.

నాలుగేళ్ల కిందట స్నేహితురాలి ఇంటికి వెళ్తే కారమెల్ పెట్టింది. శనివారం కాదు. అప్పటికే ఆ రోజు ఒకసారి తీపి అయింది. పైగా కుడివైపు కింది దవడ పంటికి క్యాపు ఉంది, అలాంటివాళ్లు కారమెల్ ముట్టకూడదని రోజూ పదిమందికి చెప్పే నోరు నాది. చాక్లెట్ అయితే ఒంటి వేడికే కరిగి జారిపోతుంది. కారమెల్ కరగదు, పట్టుకుంటుంది. కబుర్లలో పడి నమిలాను. మూడోసారి నమిలేసరికి నోట్లో 'టిక్' మంది. తీసి చూస్తే కారమెల్ మధ్యలో నా క్యాపు, పాకంలో పడ్డ పూసలా మెరుస్తోంది.

దాన్ని అలాగే టిష్యూలో చుట్టుకుని, ఒకప్పుడు నా దగ్గర పని నేర్చుకున్న అమ్మాయి క్లినిక్‌కి వెళ్లాను. "ఏం తిన్నారు మేడమ్?" అంది, అచ్చం నేను పేషెంట్లని అడిగే గొంతుతోనే. టిష్యూ విప్పి చూపించాను. ఏమీ అనలేదు. ఒక కప్పులో గోరువెచ్చని నీళ్లు పోసి దాన్ని అందులో వేసింది. కారమెల్ కరిగి క్యాపు విడివడేదాకా ఇద్దరం ఆ కప్పు చెరోవైపు కూర్చుని చూస్తూ ఉన్నాం. ఇరవై నిమిషాలు పట్టింది. నా వృత్తి జీవితంలో అంత పొడుగైన ఇరవై నిమిషాలు ఇంకెప్పుడూ గడపలేదు.

క్యాపు మళ్లీ అతికించి, "రేపటిదాకా ఇటువైపు గట్టివి నమలకండి మేడమ్" అంది.

"మరి రెండోవైపు?" అన్నాను.